పచ్చ చొక్కాకి నల్ల పట్టీ

మా మనవడి ఫోనులో ఒక ఆట ఉంది. ఫుట్‌బాల్ గురించి ఏదో ఒక సంగతి చెబుతుంది, అది నిజమో కట్టుకథో మనం చెప్పాలి. ఏదో దేశంలో ఏదో క్లబ్బువాళ్ళకి చారల చొక్కాలు వచ్చింది కొట్టువాడి పొరపాటు వల్లట. ఇంకెక్కడో ఎవరో రాజు పోయాడని నల్ల లాగులు తొడుక్కోవడం మొదలుపెట్టి ఇక మానలేదట. వాడు నా మంచం పక్కన చేరి ఒక్కొక్కటీ అడుగుతూ ఉంటాడు. నాకేం తెలుసు, నోటికొచ్చింది చెబుతాను. నేను తప్పు చెప్పినప్పుడల్లా వాడికి పండగ.

మొన్న ఇలా అడిగాడు. ఒట్టి కాళ్ళతోనే ఆడతామని పట్టుబట్టినందుకు మన ఇండియా జట్టుని ప్రపంచకప్పుకి రానివ్వలేదంట, నిజమా, కట్టుకథా? నేను తడుముకోకుండా నిజం అన్నాను. ఫోనులో ఎర్రదీపం వెలిగింది. కట్టుకథట. వెళ్ళకపోవడానికి వేరే కారణాలేవో ఉన్నాయట, బూట్ల గొడవ తరవాత అల్లుకున్నదట. వాడు చప్పట్లు కొట్టాడు. నేను కూర మాడుతోందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద కూరే లేదు. స్టవ్ గట్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ కథ మా ఇంట్లో ఒక మనిషిని తీసుకుపోయింది. అది ఉత్తిదేనని ఇన్నేళ్ళ తరవాత ఒక ఫోను నాకు చెబుతోంది. నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండిపోయింది.

మాది అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే దారిలో కాలవ గట్టు మీది ఊరు. ఊరికి ఒక కొసన మా పేట, పేట మధ్య చర్చి, చర్చి పక్కన మిషను బడి, బడి వెనక ఇసక నేల. ఆ ఇసక నేలే మా ఫుట్‌బాల్ గ్రౌండు. మా నాన్న ఆ బళ్ళో మేస్టారు. మా అమ్మ పేటకంతటికీ జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టేది. ఇంట్లో ఎప్పుడూ కుట్టుమిషను నూనె వాసన, కొత్త గుడ్డలోని గంజి వాసన. తలుపు తీస్తే పీచు కోసం కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల కంపు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. నాకైతే ఇప్పటికీ ఎక్కడైనా ఆ కంపు తగిలితే కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

వానలు వెనకపట్టి నేల ఆరగానే ఆట మొదలయ్యేది. క్రిస్మసుకి ముందూ వెనకా ఊళ్ళ మధ్య పోటీలు. మా జట్టులో సగం మంది పేట కుర్రాళ్ళు, సగం మంది సముద్రం వైపు పడవల వాళ్ళ పిల్లలు. ఆటకి ముందు పాస్టరుగారు ప్రార్థన చేసేవారు. ఆమేన్ అనగానే పడవల వాళ్ళు వెళ్ళి గోలుపోస్టు వెనక నిమ్మకాయ పాతేవారు. పాస్టరుగారు ఆ వేళకి సరిగ్గా కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండేవారు. ఆ తరవాత మా ఆడపిల్లల పని. అందరూ బంతి వంక చూస్తుంటే మేము చాటుగా ఆ నిమ్మకాయ తవ్వుకుని, బెల్లం నీళ్ళలో పిండుకుని తాగేసేవాళ్ళం. నిమ్మకాయ మా కడుపులో ఉండగానే జట్టు గెలిచిన రోజులున్నాయి. అయినా ఆ ఆచారం మాత్రం ఎవరూ మానలేదు.

అసలు ఆట కంటే ఆట చుట్టూ కథలే ఎక్కువ. అమలాపురం జట్టు ఎర్ర చొక్కాలు దొరగారి బంగళాలో కర్టెన్లు చింపి కుట్టించినవని మా ఊళ్ళో ఒట్టేసి చెప్పేవారు. రాజోలు జట్టు గోల్‌కీపరు చేతి తొడుగులు మొసలి తోలువట. మా గోల్‌కీపరు చొక్కా పోటీలయ్యేదాకా ఉతక్కూడదు. ఉతికితే చేతుల్లో ఉన్న పట్టు పోతుందట. చివరికొచ్చేసరికి ఆ చొక్కా మనిషి లేకుండానే నిలబడేలా ఉండేది. మా జట్టు పచ్చ చొక్కాల గురించి కూడా తలో మాట. కొబ్బరాకు రంగని కొందరు, వరిచేల రంగని కొందరు. పాస్టరుగారైతే పచ్చిక బయళ్ళ మీద ఒక ఆదివారం ప్రసంగమే చేశారు. అసలు సంగతి అమ్మకి తెలుసు. బట్టల కొట్టాయన దగ్గర ఎవరూ కొనని పచ్చ పాప్లిన్ తాను ఒకటి మూల పడి ఉంటే, దాన్ని జట్టుకి దానమిచ్చి ఆయన పుణ్యం కట్టుకున్నాడు. అమ్మ ఎవరికీ చెప్పేది కాదు. పాపం, వాళ్ళ సరదా వాళ్ళది అనేది.

ఆ జట్టులో ఎడమ పక్క ఆడేవాడు మా అన్నయ్య. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నా జడ లాగకుండా నా పక్కనుంచి ఎప్పుడైనా వెళ్ళాడేమో నాకు గుర్తులేదు. సాయంత్రం ఆడి వచ్చి గుమ్మంలోంచే తరవాణి కావాలని కేకేసేవాడు. కుండలో పులిసిన ఆ తేటనీళ్ళలో ఉప్పూ నిమ్మాకూ వేసి అమ్మ చెంబు అందిస్తే ఎత్తిపెట్టి తాగేవాడు. సగం గడ్డం మీదుగా చొక్కాలోకి పోయేది. వాడి వెనకే జట్టు కెప్టెను. కెప్టెను ఓడలరేవు పడవల వాళ్ళబ్బాయి, అన్నయ్య కంటే కాస్త పెద్ద. అన్నయ్యని తమ్ముడనీ, అమ్మని పిన్నిగారనీ పిలిచేవాడు. మా ఇంట్లో మినపరొట్టి వేసిన సంగతి అతనికి ఎలా తెలిసేదో గాని, రొట్టి తిరగేసే వేళకి వచ్చి అరుగు మీద కూచునేవాడు. అమ్మ చెరుకు పానకం పోసి ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టేది. వాళ్ళిద్దరూ తిని లేస్తే నాకు మిగిలేది అడుగంటిన పెచ్చు. దానికీ దెబ్బలాట.

నాన్న కథలు చెప్పడంలో గట్టివారు. లెక్కల పిరియడులో కూడా ఆయనకి కథ దొరికేది. బూట్ల కథ ఆయనదే. స్వరాజ్యం వచ్చిన కొత్తలో మన జట్టుకి ప్రపంచకప్పు పిలుపొచ్చిందనీ, బూట్లు తొడుక్కుంటేనే రమ్మని వాళ్ళు షరతు పెట్టారనీ, మా నేల మీద ఎలా ఆడతామో మీ నేల మీదా అలాగే ఆడతామని మనవాళ్ళు ఆ పిలుపే తిరగ్గొట్టేశారనీ చెప్పేవారు. ఎక్కడ విన్నారో, ఏ పాత పేపర్లో చదివారో. చెప్పేటప్పుడు చెప్పులు విడిచి, గచ్చు మీద పాదం ఆనించి చూపించేవారు. కాలు నేలని ముట్టుకోవాలిరా అనేవారు. బెంచీల మీద ఒక్కడూ కదిలేవాడు కాదు. నిజానికి మా జట్టు ఒట్టి కాళ్ళతో ఆడింది బూట్లు లేక. ఆ కథ ఊళ్ళో పాకాక అది మా పౌరుషమైపోయింది. అన్నయ్యకి చిన్నప్పటినుంచీ ఆ కథంటే ప్రాణం. పడుకునేముందు చెప్పించుకునేవాడట.

తీరా వాడు టీచరు ట్రెయినింగుకి వెళ్ళే ఏడు నాన్నే కాకినాడ నుంచి క్యాన్వాసు బూట్లు తెచ్చారు. అన్నయ్య వాటిని ఆదివారం చర్చికి తొడుక్కునేవాడు. ఆటకి మాత్రం తొడిగేవాడు కాదు. ఆటకి కూడా వేసుకోరా, కాళ్ళు జాగ్రత్త అని నాన్న అంటే వాడు నవ్వాడు.

"మీరే కదండీ చెప్పేరు నాన్నగారూ. మనోళ్ళు ప్రపంచకప్పే ఒదులుకున్నారు. అమలాపురం వాళ్ళ కోసం నేను బూట్లు తొడుక్కోనా?"

నాన్న మీసాల చాటున నవ్వుకున్నారు. కొడుకు తన మాట తనకే అప్పజెప్పాడని మురిసిపోయారు. అప్పుడు నేను అక్కడే కూచుని అమ్మకి సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఆ మురిపెం నా కళ్ళారా చూశాను.

ఓడలరేవు వైపు ఒక పోటీలో వాడి అరికాల్లో మేకు దిగింది. పాత పడవ విరగ్గొట్టిన చోట అది, ఇసకలో తుప్పు మేకులు ఉండిపోయాయి. అన్నయ్య తన చేత్తోనే దాన్ని పీకి పారేసి, ఎవరో కాఫీపొడి తెస్తే గాయంలో కూరుకుని, గుడ్డ కట్టుకుని మిగతా ఆటంతా ఆడాడు. కుంటుకుంటూ ఇంటికొచ్చి అదేదో ఘనకార్యంలా చెప్పుకున్నాడు. అమ్మ తిట్టి, పసుపు పెట్టి కట్టు కట్టింది. గాయం పైకి మానింది కూడా. అందరం మర్చిపోయాం.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న అమ్మ రొట్టి పెడితే వాడు నోరు తెరవలేకపోయాడు. దవడ పట్టేసిందన్నాడు. నన్ను వెక్కిరించే నోరు కదా, బాగా అయిందన్నాను. మధ్యాహ్నానికి మెడ బిగిసింది, ఆ తరవాత వీపు. అమలాపురంలో డాక్టరుగారు చూసి వెంటనే కాకినాడ తీసుకుపొమ్మన్నారు. అప్పట్లో మాకు వంతెనలెక్కడివి? ముక్తేశ్వరం దాకా కారులో వెళ్ళి, లాంచీలో గోదారి దాటి, అవతల కోటిపల్లిలో మళ్ళీ ఏదో ఒకటి పట్టుకోవాలి. ఇంట్లో నన్ను వదిలేందుకు ఎవరూ లేక రేవుదాకా తీసుకెళ్ళారు. రేవులో దుకాణం ముందు బజ్జీలు వేగుతున్నాయి. లాంచీ అవతలి ఒడ్డున ఉంది. దానికోసం చూస్తూ అన్నయ్యని నులక మంచం మీద ఉంచారు. కెప్టెను గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నేను వంగి చూస్తే అన్నయ్య నవ్వుతున్నాడు. పెదాలు సాగి, పళ్ళు కనబడుతూ, నన్ను ఏడిపించేముందు నవ్వినట్టే ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది. నాలుక బయటపెట్టి వెక్కిరించాను. వాడు అలాగే నవ్వుతూ ఉన్నాడు. లాంచీ వచ్చింది, వాణ్ణి ఎక్కించారు.

ధనుర్వాతంలో ముఖం కండరాలు బిగుసుకుపోయి నవ్వినట్టు కనబడుతుందని నర్సు ట్రెయినింగులో మాకు పాఠం. ఆ పాఠం చెప్పిన రోజు నేను క్లాసులోంచి లేచి బయటికి వెళ్ళిపోయాను. తరవాత నా సర్వీసంతా, కాలికి మేకు గుచ్చుకుని వచ్చి ఇంజెక్షన్ ఎందుకులెండి అనే పెద్దమనుషుల్ని నేను తిట్టిన తిట్లు ఇంకెవరూ తిట్టి ఉండరు. ఆవిడకి ముక్కు మీద కోపం అని నాకు పేరొచ్చింది. రానీ.

నిలువునా దుప్పటి కప్పుకుని అన్నయ్య మళ్ళీ అదే రేవులో దిగాడు. జట్టంతా పచ్చ చొక్కాలతో ఒడ్డున నిలబడ్డారు. కెప్టెను నడుం లోతు నీళ్ళలోకి దిగి వాణ్ణి అందుకున్నాడు.

ఆ తరవాత నాన్న కథలు చెప్పడం మానేశారు. ఎవరు ఏ కబురు చెప్పబోయినా, నువ్వు చూశావా, ఎవరు చెప్పారు నీకు అని నిలదీసేవారు. బళ్ళో పాఠంలో ఉన్నది తప్ప ఇంకో ముక్క మాట్లాడేవారు కాదు. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇద్దరూ మంచినీళ్ళు కావాలా, తలుపు వేశావా, అంతే. బూట్ల కథ పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

అమలాపురం జట్టుతో పోటీ దగ్గరపడింది. వాళ్ళ మీద మేము ఎప్పుడూ గెలిచింది లేదు. కెప్టెను వచ్చి అరుగు మీద తల వంచుకుని కూచున్నాడు. ఈ ఒక్క ఆటకీ అందరి చొక్కాలకీ ఎడమ చేతికి నల్ల గుడ్డ కావాలన్నాడు, తమ్ముడు ఆడే పక్క. అన్నయ్య పోయాక అమ్మ మిషను ముట్టలేదు. లేచి వెళ్ళి, నాన్న పాత గొడుగు ఊచల మీంచి గుడ్డ ఊడదీసింది. ఇంట్లో నల్ల గుడ్డ అదొక్కటే. నాన్న చూసి, చేత్తో టాకాలు వెయ్యి చాలు, ఆటవగానే విప్పెయ్యాలి కదా అన్నారు. అమ్మ విననట్టు మిషను ముందు కూచుని ప్రతి పట్టీకీ రెండు వరసల కుట్టు వేసింది. విప్పాలంటే చొక్కా చిరగాల్సిందే.

ఆ ఆట మావాళ్ళు గెలిచారు. ఊరు ఊరంతా గ్రౌండులోకి దిగింది. కెప్టెను అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తమ్ముడే గెలిపించేడండి పిన్నిగారూ. ఎడమ పక్కనుంచే పడ్డాయండి గోల్సన్నీ."

అమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. ఆ రోజు రాత్రి అన్నం సరిగ్గా తిన్నది. తరవాతి ఆటకి ఎవరూ పట్టీ విప్పలేదు. అదీ గెలిచారు. ఇంకొకటి గెలిచారు. గోల్‌కీపరు చొక్కా ఉతక్కపోవడం, నిమ్మకాయ పాతడం, వాటి సరసన ఈ పట్టీ కూడా చేరిపోయింది.

మాలో ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకి భోజనం పెట్టి, ఆ పూటతో దుఃఖం చాలించాలని పెద్దవాళ్ళు చెబుతారు. అమ్మ తెల్ల చీర విడిచి రంగు చీర కట్టుకుంది. భోజనాలయ్యాక నాన్న జట్టు కుర్రాళ్ళని పిలిచి, ఏడాది అయింది కదా, ఇక పట్టీలు తీసెయ్యండి అన్నారు. కెప్టెను తీసేస్తామండి అంటూనే నీళ్ళు నమిలాడు. వెనకనుంచి కొత్తగా చేరిన కుర్రాడొకడు, అది కలిసొచ్చిన పట్టీ అండి మేస్టారూ, ఇప్పుడు తీస్తే ఓడిపోతామండి అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు, నోరు జారింది. నాన్న ముఖం తెల్లబోయింది.

"నా కొడుకు చావు మీకు కలిసొచ్చిందట్రా?"

గట్టిగా అనలేదు, మామూలుగానే అడిగారు. చేతుల్లో మజ్జిగ గ్లాసులతో అందరూ అలాగే నిలబడిపోయారు. కెప్టెను వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పుడు అమ్మ లోపల్నుంచి వచ్చింది.

"ఉండనివ్వండి."

ఎందుకే అన్నారు నాన్న. అమ్మ కెప్టెను చేతిలో గ్లాసు అందుకుంది.

"ఏటా వాడికి ఒక చొక్కా పని ఉంటుంది నాకు."

నాన్న ఇంక ఆ మాట ఎత్తలేదు. కానీ ఆటలకి వెళ్ళడం మానేశారు. గ్రౌండునించి కేకలు వినబడితే లేచి వెళ్ళి తలుపు వేసేవారు. గెలుపు కేకలైతే మరీను. ఏటా వానలు తగ్గగానే అమ్మ పాత గొడుగుల కోసం పేటంతా తిరిగేది. ఆవిడకి గొడుగు గుడ్డ కావాలని అందరికీ తెలుసు, చిరిగిన గొడుగులు ఆవిడ కోసం దాచేవారు. ఉతికి ఉతికి పచ్చ చొక్కా వెలిసి గడ్డి రంగులోకి వచ్చేసేది గాని, గొడుగు గుడ్డ నలుపు మాత్రం అలాగే ఉండేది. పట్టీలు కత్తిరించి, మడిచి, అంచులు కుట్టి, కుర్రాళ్ళు చొక్కా గుడ్డ తెచ్చేదాకా పెట్టెలో పెట్టుకునేది.

కాలం గడిచింది. కెప్టెను విశాఖపట్నంలో పడవల పనికి వెళ్ళిపోయాడు. అన్నయ్యతో ఆడినవాళ్ళు ఒక్కొక్కరే ఉద్యోగాలకీ పెళ్ళిళ్ళకీ చెదిరిపోయారు. కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళకి అన్నయ్య ఎవరో తెలియదు. మొదట ఆ పట్టీ బడి కట్టించిన దొరగారు పోయినందుకు పెట్టిందన్నారు. ఆ దొరగారి సమాధి చూశామన్నవాళ్ళు కూడా బయల్దేరారు. అది కొన్నాళ్ళు నడిచింది. తరవాత అదంతా కాదు, పసిపిల్లకి బుగ్గన చుక్క పెట్టినట్టు జట్టుకి పెట్టిన దిష్టి చుక్క అన్నారు. ఊళ్ళో ఈ మాట అందరికీ నచ్చింది. గెలిచే జట్టుకి దిష్టి తగలదూ మరి. అప్పనపల్లి వైపు ఒక జట్టు మమ్మల్ని చూసి వాళ్ళ చొక్కాలకీ నల్ల చుక్క కుట్టించుకుందని కూడా విన్నాం.

నేను సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఒక కుర్రాడు చొక్కా కొలత ఇవ్వడానికి వచ్చాడు. చెయ్యి చాపి నిలబడి, ఇది దిష్టికే కదండీ మామ్మగారూ అని అమ్మనే అడిగాడు. నాకు నోటి దాకా వచ్చింది. అమ్మ టేపు వాడి భుజం మీద పెట్టి, ఆయ్, దిష్టికే బాబూ అంది. వాడు వెళ్ళాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. మన వాడి పేరు చెప్పడానికి నోరు రాలేదా నీకు అన్నాను. అమ్మ నిదానంగా కొలతలు రాసుకుంటూనే ఉంది.

"దిష్టికంటే సరదాగా తొడుక్కుంటారే. చచ్చిపోయినోడిదంటే బయపడి పీకేత్తారు."

పట్టీ ఉండాలంటే పేరు పోవాలి. ఆవిడ పేరు వదులుకుంది. కన్నతల్లి అలా లెక్క తేల్చుకుని కూచుంటే, నేను టేపు చుట్టి పెట్టెలో పెట్టాను.

తరవాత మా వైపు చమురు తవ్వేవాళ్ళు వచ్చారు. జీపులు, పెద్ద పెద్ద గొట్టాలు, కొబ్బరితోటల మీద మంటల వెలుగు. ఆ పనుల మీద వచ్చిన ఒక పెద్దాయన మా కుర్రాళ్ళ ఆట చూసి ముచ్చటపడి జట్టంతటికీ నైలాను చొక్కాలు తెప్పించి ఇచ్చాడు. నీలం రంగు, వెనక అచ్చు వేసిన అంకెలు. బూట్లు కూడా ఇచ్చాడు. మంచిపనే చేశాడు పాపం. ఆ ఏడు అమ్మ దగ్గరికి కొలతలు ఇవ్వడానికి ఎవరూ రాలేదు. పెట్టెలో పట్టీలు సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ రోజూ మధ్యాహ్నం మిషను మీద గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ కప్పేది. ఎవరినీ అడగలేదు.

నాన్న చూస్తూ ఉన్నారు. అప్పటికే రిటైరయ్యారు. నేను సెలవుకి వచ్చి ఉండగా ఒక సాయంత్రం పెట్టె తెరిచి ఆ పట్టీల మూట చంకలో పెట్టుకుని గ్రౌండుకి బయల్దేరారు. ఆ కూడిక తరవాత ఆయన ఆ ఇసకలో కాలు పెట్టడం అదే మొదలు. నాకు భయమేసి వెనకాలే వెళ్ళాను. కుర్రాళ్ళు పోటీకి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. నాన్న ఆ బూట్లకేసి కాసేపు చూశారు. మంచివేనా అని అడిగారు. ఆయ్, బాగున్నాయండి మేస్టారూ అన్నారు వాళ్ళు.

అప్పుడు ఆయన మొదలుపెట్టారు. నిజం చెబుతారనుకున్నాను. కొడుకు పేరు చెప్పి అడుగుతారనుకున్నాను. ఆయన కథ చెప్పారు. ఈ నల్లపట్టీ లేకుండా ఒకే ఒక ఆట ఆడారర్రా పూర్వం, ఆ ఆటలో గోల్‌కీపరు చెయ్యి విరిగింది, బంతి పగిలింది, మనవైపు పోస్టు దానంతటది కూలింది అన్నారు. రాజోలు నుంచి ఒక ముసలాయన వచ్చి, మీ పచ్చ చొక్కాలకి కాదర్రా బలం, ఆ పట్టీకి అని చెప్పి వెళ్ళాడన్నారు. చేతులు తిప్పుతూ, గొంతు తగ్గిస్తూ, పెంచుతూ, వెనకటి క్లాసులోలాగే చెప్పారు. ఒక్క ముక్క నిజం లేదు. నువ్వు చూశావా అని ఊరందరినీ నిలదీసిన మనిషి, నిలువునా అబద్ధమాడుతున్నారు. కుర్రాళ్ళు తాళ్ళు కట్టుకోవడం ఆపేసి నోళ్ళు తెరుచుకుని విన్నారు. అందరూ తలొక పట్టీ తీసుకుని నీలం చొక్కాల మీద పిన్నీసులతో పెట్టుకున్నారు. ఇంటికొచ్చి నేను ఇదంతా అమ్మకి చెప్పాను. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి విన్నది.

ఆ ఆట వాళ్ళు ఓడిపోయారు. ఊరికే ఓడిపోలేదు, చిత్తుగా ఓడిపోయారు. మర్నాడు పొద్దున్నే కొత్త కెప్టెను పట్టీలన్నీ పాత పేపర్లో చుట్టి తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. మంచి పిల్లాడు, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఏమనుకోకండి మేస్టారూ. ఇది మాకు కలిసిరాలేదండి."

నాన్న ఆ పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. అమ్మ వచ్చి అందుకుంది. పెరట్లోకి తీసుకెళ్ళి, తొట్టిలో నీళ్ళు పోసి, ఒక్కొక్క పట్టీకీ అంటిన మట్టి సబ్బుతో రుద్దసాగింది. నాన్న వెనకాలే వెళ్ళి నూతి గట్టు మీద కూచున్నారు. ఆయన భుజాలు కదలడం చూశాను. అన్నయ్య పోయినప్పుడు కూడా నాన్న ఏడవలేదు.

"ఆ కథ నేనే కదే చెప్పేను వాడికి."

ఏ కథో చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఆ మాట పైకి రాకూడదనే మా ఇంట్లో ఇద్దరూ నోళ్ళు కట్టుకుని బతికారు. అమ్మ పట్టీ పిండుతూ తల ఎత్తలేదు.

"వాడు నాకూ చెప్పేడండి ఆ కథ. పొయ్యికాడ కూచుని చెప్పేవోడు. నేనూ నమ్మేను."

అంతే అంది. నాన్న కళ్ళు తుడుచుకుని గట్టు దిగి వచ్చి ఆవిడ పక్కన కూచున్నారు. ఆవిడ ఉతికిన పట్టీలు అందిస్తుంటే ఆయన ఒక్కొక్కటీ దులిపి తీగ మీద ఆరేశారు. వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన ఒక పని చేసుకోవడం ఎన్నేళ్ళకి చూశానో. నేను వంటింటి తలుపు దగ్గరే నిలబడ్డాను, వెళ్ళి మధ్యలో దూరబుద్ధి కాలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు. ఆ ఇసక నేల రొయ్యల చెరువైపోయింది, గట్టు మీద నిలబడితే మోటార్ల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఆ జట్టు ఉండేదని చెప్పడానికి కూడా ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఎవరిని తప్పుపట్టాలో నాకు చిన్నప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. నాన్న నమ్మి చెప్పారు, అమ్మ నమ్మి వింది, నేనూ నమ్మాను. ఆ కథని మా ఇంట్లో అందరం నమ్మాం. దాని మీద ఒట్టి కాళ్ళతో పరిగెత్తినవాడు మాత్రం మా అన్నయ్య ఒక్కడే.